పొట్టేలు కాపలాలో ఇరవై

పోయినవారం మీరు నన్ను వదిలి వెళ్ళింది మా అత్తయ్య పెరట్లో, ఒక కాలు బురదలోనూ ఒక కాలు గాలిలోనూ ఉండగా. ఆదివారం భోజనానికి గొర్రెమాంసం పొయ్యిలో ఉంది, అందులోకి పుదీనా కోసుకురమ్మంటే వెళ్ళాను. పుదీనా కొయ్యలేదు. పెరటికీ పొట్టేలు మేసే పొలానికీ మధ్యనున్న ముళ్ళకంచె కంతలోంచి, ఎర్రటి అంచున్న గుండ్రటి మొహమొకటి నన్ను చూస్తోంది. మొహం నిండా నల్లగా, లావుగా ఇరవై.

వారం రోజులుగా దాన్ని చూస్తూ అలాగే నిలబడ్డాను. కాలు తిమ్మిరెక్కింది.

మరిచిపోయినవాళ్ళ కోసం ఒక్క ముక్క. అది మా ఊరు కాపెల్ ఐరిన్ మొదట్లో రోడ్డు పక్కన ఉండాల్సిన బోర్డు. ఊళ్ళోకి వచ్చే బండి ఏదైనా గంటకి ఇరవై మైళ్ళు దాటకూడదని చెప్పే బోర్డు. రోడ్డుకి రెండో పక్కన దానికి కవల ఒకటుంది కానీ, ఈ ఇరవై చట్టం వచ్చిన నెలలోనే ఎవరో దాని మీద ఎర్ర రంగు కుమ్మరించారు. ఇప్పుడది ఉట్టి బొట్టుబిళ్ళ. మిగిలింది ఇదొక్కటే. ఇదీ మాయమైంది. ఎప్పుడు మాయమైందన్న దాని మీదే మా సంసారం ఆగి ఉంది.

ఎందుకంటే ఎల్లుండి మంగళవారం మా ఆయన ఎమ్లిన్ కోర్టులో నిలబడాలి. ఎమ్లిన్ శవాల బండి నడుపుతాడు. ఊళ్ళో సగం మందివి ఒకే ఇంటిపేరు కావడంతో మేం మనిషిని పనితో కలిపి పిలుచుకుంటాం: పోస్టు మెయిర్, గొర్రెల వాట్, పాడె ఎమ్లిన్. పెట్టెలో మనిషి ఉండగా పాడె ఎమ్లిన్ ఏనాడూ పట్టుబడలేదు. అప్పుడు బండి నడిచేవాళ్ళతో సమంగా పోతుంది, ఎదురొచ్చినవాళ్ళు తమ బళ్ళు పక్కకి ఆపి టోపీలు తీస్తారు. పట్టుబడిందల్లా ఖాళీగా తిరిగొచ్చేటప్పుడే. మూడుసార్లు. లైసెన్సు మీద ఇప్పటికి తొమ్మిది పాయింట్లు. ఈ నాలుగోది కూడా పడితే పన్నెండు, లైసెన్సు పోతుంది, పాడె ఎమ్లిన్ ఉట్టి ఎమ్లిన్ అయిపోతాడు. నలభై ఏళ్ళు దాటాక ఉట్టి ఎమ్లిన్‌గా బతకడం ఆయనకి రాదు.

నాలుగోది పడింది అట్ల మంగళవారం పొద్దున, అంటే ఈస్టరు ఉపవాసాల ముందు ఇంటింటా అట్లు పోసుకునే రోజున, పిల్లలు బడికి వెళ్ళే వేళ. "కార్మార్దెన్‌లో ఒక పెద్దాయన్ని అప్పగించి వస్తున్నాను. ఊరి మొదట్లో బోర్డు లేదు నెరిస్, ఒట్టు," అన్నాడు ఆ రోజే. బోర్డు లేకపోయినా బడి దగ్గర కెమెరా వ్యాను మాత్రం ఉంది. ఇరవైతొమ్మిది, అంది అది. ఆ పొద్దున బోర్డు అక్కడే ఉంది, ఆ తర్వాతెప్పుడో పోయింది, అన్నారు రోడ్లవాళ్ళు. బోర్డు లేదని రుజువైతే కేసు నిలవదు, అన్నాడు లాయరు. రుజువు చేసేవాళ్ళే లేరు. ఆ బోర్డు అంటే అందరికీ ఎంత ఒళ్ళుమంట అంటే, దాని వైపు చూడటం మానేసి చాలాకాలమైంది. ఉన్నదాన్నే చూడనివాళ్ళు లేనిదాన్ని ఏం చూస్తారు?

నిజానికి మా ఊళ్ళో ఏ రోడ్డు మీద ఎంతో ఎవరికీ తెలియదు. ముందు దీపస్తంభాలున్న రోడ్లన్నీ ఇరవై అన్నారు. జనం గోల చేస్తే కొన్నిటిని మళ్ళీ ముప్ఫై చేశారు. ఇప్పుడు వంతెన దాకా ముప్ఫై, వంతెన మీద ఇరవై, దిగాక ఎంతో దేవుడికి తెలియాలి, ఆయన బండి నడపడు. ఇదివరకు ట్రాక్టరు వెనక కార్లు హారన్ కొట్టేవి. ఇప్పుడు కార్ల వెనక గొర్రెల వాట్ ట్రాక్టరు కొడుతోంది. "నిన్న నా కుక్కే నన్ను దాటిపోయింది. పోతూ పోతూ వెనక్కి తిరిగి చూసింది కూడా," అంటాడు వాట్. మూడో గేరు ఎలా ఉంటుందో మరిచిపోయానంటుంది పోస్టు మెయిర్. ఎమ్లిన్ బాధ వేరు. "చచ్చినవాడితో మెల్లిగా వెళ్తే మర్యాద. బతికి ఒక్కణ్ణీ ఇంటికొస్తున్నప్పుడు కూడా అదే మర్యాదా నాకు?" అంటాడు, వంటింట్లో గ్రేవీ కలుపుతూ.

ఇంకోవైపు మా అత్తయ్య, మార్గెద్ రీస్. చాపెల్ గేటు దగ్గర పసుపు కోట్లు తొడుక్కుని స్పీడ్ గన్ పట్టుకుని నిలబడే దళానికి ఆవిడే నాయకురాలు. మనిషి ఆరడుగులు, ఆ కోటులో రోడ్డు పక్కన నిలబడితే కొత్తవాళ్ళు దీపస్తంభం అనుకుని మరీ నెమ్మదిస్తారు. చిన్నప్పుడు ఆ గేటు దగ్గరే ఆవిడ స్నేహితురాలు లొవ్రీని పాల లారీ గుద్దింది. లొవ్రీ ఇప్పటికీ కర్రతోనే నడుస్తుంది. కాబట్టి ఇరవై అంటే అత్తయ్యకి చట్టం కాదు, మొక్కు.

అలాంటావిడ పెరట్లో, కంచె కంతలో, ఇరవై.

"పుదీనా అక్కడ లేదు," అంది వెనక నుంచి అత్తయ్య. చేతిలో కత్తెర ఉంది.

"ఇది ఉంది," అన్నాను.

"ఏది?"

"అత్తయ్యా!"

"ఓ, అదా." బోర్డుని ఇప్పుడే పరిచయమైనట్టు చూసింది. "కంత పడింది. డీకన్‌గాడు దూరి క్యాబేజీ నాశనం చేస్తున్నాడు. ఏదో ఒకటి అడ్డం పెట్టాలి కదా."

డీకన్ అత్తయ్య పొట్టేలు. కానుకల పళ్ళెం పట్టుకుని తిరిగే చాపెల్ పెద్ద, డీకన్‌గారి మొహం అచ్చంగా వాడిదేనని ఆ పేరు పెట్టారు. పొలంలో అడుగుపెట్టిన ప్రతివాణ్ణీ పొడుస్తాడు. క్రిస్మస్‌కి ఎమ్లిన్‌ని పొడిస్తే ఆయన మూడు శవయాత్రలు కుంటుతూ చేశాడు. చాలా భావంతో నడిచాడని బంధువులు మెచ్చుకున్నారు. బోర్డుని ఇన్నాళ్ళూ దాచిన ముళ్ళకొమ్మల్ని పొడిచి పొడిచి రాలగొట్టింది కూడా వాడే.

"అడ్డం పెట్టడానికి ఊరి బోర్డే దొరికిందా?"

"కింద పడుంది. పడున్నది తెచ్చుకుంటే దొంగతనమా పిల్లా? మంచి అల్యూమినియం. ఎన్ని వానలు పడ్డా తుప్పు పట్టదు."

ఇక్కడ నేను ఆగిపోయాను, ఎందుకంటే ఆ మాట నమ్మదగ్గదే. మా కార్డీగన్ జిల్లా వైపు మనుషులకి పారెయ్యడం చేతకాదు. మా కంచెల్లో కంతలకి పాత మంచాల తలకట్లు, స్నానాల తొట్లు, పెళ్ళినాటి కారు తలుపులు అడ్డం ఉంటాయి. రోడ్డు పక్కన ఇంత బిళ్ళ పడుంటే ఏ కార్డీగన్ మనిషి చెయ్యి ఊరుకుంటుంది?

"మరి స్తంభం?"

"చిక్కుడు పందిరికి."

చూశాను. నిజంగానే పందిరికి ఒక కాలు ఇనుముది.

"ఎప్పుడు తెచ్చారు?"

"చలికాలంలో ఎప్పుడో."

"ఎమ్లిన్ పట్టుబడకముందా, తర్వాతా?"

అత్తయ్య వంగి పుదీనా కొయ్యడం మొదలెట్టింది. "ముందే. ఆ పొద్దున్నే. వెలుతురు వస్తుండగా."

"అయితే ఇంకేం! మంగళవారం మీరొచ్చి ఆ ఒక్క ముక్క చెబితే ఎమ్లిన్ బయటపడ్డట్టే!"

"చెప్పలేను."

"మీ కొడుకు!"

"తెలుసు. కన్నప్పుడు నేనక్కడే ఉన్నాను."

"పసుపు కోటు పరువు పోతుందనా?"

"అనుకో."

అనుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు కానీ, ఆవిడ నా మొహం చూడకుండా కోస్తోంది, కోస్తున్నది పుదీనా కూడా కాదు, దురదగొండి. మా అత్తయ్య ఆకు పోల్చుకోలేకపోయిందంటే విషయం పెద్దదే. నేను బోర్డు అంచు పట్టుకుని లాగాను. ముళ్ళతో సహా ఊడొచ్చింది. కింది అంచు లోపలికి వంగి ఉంది. వంపు పొడుగునా రంగు గీసుకుంది.

ఉడికించిన బఠాణీ రంగు. ఊళ్ళో ఆ రంగు కారు ఒకటే ఉంది, అది అత్తయ్య ఇంటి ముందుంది. దాని ముందుభాగానికి ఇప్పటికే ఇన్ని సొట్టలున్నాయి కాబట్టి కొత్తదాన్ని ఎవరు గుర్తుపడతారు?

"పడుంటే ఏరుకున్నానన్నారు," అన్నాను.

అత్తయ్య నడుం నిటారు చేసింది. "నేనే గుద్దాను. చాలా? పసుపు కోటు మార్గెద్ తన బోర్డు మీదికి తనే ఎక్కించింది. వెళ్ళి వాట్‌కి చెప్పు, ట్రాక్టరు మీంచి పడి నవ్వుతాడు."

నవ్వు రాలేదు. జాలేసింది. రెండు అడుగులు వేసి ఆవిడ చెయ్యి పట్టుకుందామనుకున్నాను. కుడిచెయ్యి. అప్పుడు గుర్తొచ్చింది.

"అత్తయ్యా, అట్ల మంగళవారం మీ ఇంట్లో అట్లు ఎవరు పోశారు?"

"ఇప్పుడు అట్ల గోలేంటే?"

"నేను పోశాను. అంతకుముందు వారం మీరు చాపెల్ వంటగదిలో జారిపడ్డారు. ఈ చెయ్యి కట్టులో ఉంది. మీకు బంగాళాదుంపలు చెక్కు తీసిపెట్టిందీ, జుట్టు దువ్విందీ నేనే. అట్టు తిప్పలేని చెయ్యి స్టీరింగ్ తిప్పిందా? ఆ ఇనప స్తంభం మోసుకొచ్చిందా?"

"ఎడమ చేత్తో..."

"గేర్లెవరు మార్చారు, డీకనా?"

తన పేరు వినబడ్డట్టుంది, పొలం అవతలి మూల నుంచి డీకన్ తలెత్తి చూశాడు.

"సరే," అంది అత్తయ్య. గొంతు తగ్గింది. "ఎమ్లిన్. వాడే నా కారు తీసుకెళ్ళి కోపంలో గుద్దాడు. తల్లిని కదా, దాచాను."

ఒక్క క్షణం నమ్మాను. ఎందుకు నమ్మనూ? ఆ బోర్డు పక్క నుంచి వచ్చినప్పుడల్లా ఎమ్లిన్ "నిన్ను ఒకరోజు..." అని ఆపేసేవాడు. మిగిలింది నేను ఊహించుకునేదాన్ని. కానీ ఆ పొద్దున ఎమ్లిన్ కార్మార్దెన్‌లో ఉన్నాడు, పెట్టెతో ఉన్నాడు, చుట్టూ ఏడ్చే బంధువులున్నారు.

"రెండు చోట్ల రెండు బళ్ళు నడిపేంత తొందర మనిషి కాదు మీ అబ్బాయి," అన్నాను.

నేను పెరట్లోకొచ్చి పుదీనా రెబ్బ కూడా కొయ్యలేదు, మూడు నిజాలు మాత్రం దొరికాయి. మూడూ అబద్ధాలే. ఈవిడ ముందు తన దొంగతనం ఒప్పుకుంది, తర్వాత తన నేరం ఒప్పుకుంది, ఆఖరికి కన్నకొడుకునే తోసింది. ఇంత ఖర్చు పెట్టి కాపాడుతున్నది ఎవరిని?

కారు తాళం ఎప్పుడూ కార్లోనే ఉంటుంది, మా వైపు అందరిదీ అంతే. ఎవరైనా తీసుకెళ్ళొచ్చు. ఆ ఆలోచన వెంట ఇంకోటి వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం అట్లలోకి నిమ్మకాయలు లేవని అదే కారు వేసుకుని నేను కొట్టుకి వెళ్ళాను. ఎక్కబోతే మోకాళ్ళు స్టీరింగ్‌కి కొట్టుకున్నాయి. సీటు ముందుకి, ఇంకా ముందుకి, పోవలసినంత ముందుకి జరిపి ఉంది. వెనక్కి నెట్టుకుని వెళ్ళిపోయాను, మళ్ళీ తలుచుకోలేదు. ఆరడుగుల మా అత్తయ్య ఆ సీట్లో కూర్చోవాలంటే కాళ్ళు విప్పి డిక్కీలో పెట్టుకోవాలి.

అంటే నడిపింది ఎవరో పొట్టివాళ్ళు. నాకంటే పొట్టి. ఊరంతా మనసులో ఒకసారి తిరిగొచ్చాను. బడిపిల్లలు తప్ప ఎవరూ తగల్లేదు.

"పాస్టరుగారు వచ్చే వేళైంది," అంది అత్తయ్య. "లోపలికి పద. మాంసం మాడిపోతుంది."

పాస్టరుగారిని మరిచేపోయాను. ఊరి బయట ఒంటరిగా ఉండే మా పాస్టరు ఇథెల్ ప్యూగారి ఆదివారం భోజనం ఇంటింటికీ వంతు. ఈ మధ్య అత్తయ్య వంతు చకచకా తిరిగొచ్చేస్తోంది, ఆవిడ గ్రేవీ మహిమ అనుకున్నాను. ఈ పొద్దున కూడా ఓర్పు గురించి చక్కటి ప్రసంగం చేశారు. ఆయన కోసం పుల్పిట్‌లో వాట్ చేసిచ్చిన చెక్కపెట్టె ఒకటుంటుంది, దాని మీద ఎక్కి నిలబడతారు. అది లేకపోతే బైబిలే స్వయంగా మాట్లాడుతున్నట్టుంటుంది మాకు. చూపు మందగించిందని నిరుడే లైసెన్సు తిరిగిచ్చేశారు. ఎక్కడికన్నా వెళ్ళాలంటే మాలో ఎవరో ఒకరం...

చెక్కపెట్టె.

నేను అత్తయ్య వైపు తిరిగాను. అత్తయ్య జుట్టు సర్దుకుంటోంది.

పొలం చివర గేటు కిర్రుమంది. బోర్డు ఊడిపోయిన కంతలోంచి చూస్తే, చాపెల్ వైపు కాలిబాట మీద నల్లకోటు, నల్లటోపీ. పొట్టేలున్న పొలంలోకి నేరుగా నడిచొస్తున్నారు.

"పాస్టరుగారూ! అటు రాకండి! డీకన్ ఉన్నాడు, డీకన్!" అని అరిచాను.

ఆయన ఎవరికో చెయ్యి ఊపారు, నాకు కాదు, పక్కనున్న చెట్టుకి. డీకన్ తల దించాడు. పరుగందుకున్నాడు. నేను కళ్ళు మూసుకుని బోర్డు గుండెలకి హత్తుకున్నాను.

చప్పుడు లేదు.

కళ్ళు తెరిస్తే డీకన్ ఆయన చేతిలో గడ్డం ఆనించి నిలబడ్డాడు. ఆయన వాడి చెవి వెనక గోకుతూ జేబులోంచి కేకు ముక్క తీసి పెడుతున్నారు. "నిదానం, నిదానం. నీకోసమే తెచ్చాను నాన్నా," అంటున్నారు. తర్వాత ఇద్దరూ కబుర్లాడుకుంటూ కంత దగ్గరికి వచ్చారు. ఆయన కళ్ళు చికిలించి ఎత్తుగా ఉన్న ఆకారం వైపు చూశారు.

"మార్గెద్, మళ్ళీ ఊడిపోయిందా అది? ఆ రోజే ఇంకాస్త లోపలికి తోస్తానంటే నువ్వు వద్దన్నావు. ఈ చలికి చెయ్యి లాగుతోందా?"

"నెరిస్ ఇక్కడే ఉంది ఇథెల్," అంది అత్తయ్య.

పాస్టరుగారి చెయ్యి దానంతటదే పైకి లేచి టోపీ తీసింది, ఎదురుగా ఎమ్లిన్ బండి వచ్చినట్టు.

ముందు ఆయనే నోరు తెరిచారు. "నేను ఇరవై దాటలేదమ్మా నెరిస్. పద్దెనిమిదిలోనే వచ్చాను. చీకటిగా ఉంది, బోర్డు కనబడలేదు. మార్గెద్ నడిపే స్థితిలో లేదు కదా, చెయ్యి అలా ఉంటే... ఊరు లేచేలోపు ఇంటికి చేరాలని..."

అక్కడ ఆయనకే వినబడింది తను ఏం అంటున్నదీ.

నేను ఇద్దరినీ మార్చి మార్చి చూశాను. కోపం రావాలా, నవ్వు రావాలా, అభినందించాలా? మా చాపెల్ క్రమంలో దీనికి కీర్తన లేదు.

"మంగళవారం నేనొస్తాననుకో," అంది అత్తయ్య. మొదటిసారి నా కళ్ళలోకి చూసింది. "బోర్డు ఆ పొద్దున్నే పడిందని చెబుతాను. ఎలా తెలుసంటారు. కారు నాదంటాను. ఎవరు నడిపారంటారు. తెల్లారకముందు ఎవరింటి నుంచి బయల్దేరిందంటారు. అన్నీ ఎమ్లిన్ ముందే అడుగుతారు. వాళ్ళ నాన్నని వాడే పెట్టెలో పెట్టుకుని, ఆ బండిలోనే తీసుకెళ్ళాడు నెరిస్. నాకు చెయ్యి అడ్డం పెట్టి పక్కన కూర్చోబెట్టుకుని, రోడ్డంతా ఒక్క కుదుపు తగలనివ్వలేదు."

"నేను చెబుతాను," అన్నారు పాస్టరుగారు. "తప్పు నాది."

"నువ్వు చెబితే నీకు పుల్పిట్ ఉండదు."

"ఎమ్లిన్‌కి బండి ఉండదు," అన్నాను నేను. నా గొంతు నాకే గట్టిగా వినబడింది. "మీ ఇద్దరిలో ఎవరూ చెప్పకపోతే."

అత్తయ్య తల ఊపింది. అవును అనో, తెలుసు అనో. నా చేతుల్లో బోర్డు బరువెక్కింది. దీన్ని తీసుకెళ్ళి వంటింటి బల్ల మీద పెడితే నా మొగుడు దక్కుతాడు, ఆయనకి తల్లి ఎంతవరకు దక్కుతుందో తెలియదు. మళ్ళీ కంతలో పెడితే అందరూ భోజనానికి కూర్చోవచ్చు. కంతలో పెట్టాలో చంకలో పెట్టుకోవాలో తెలియక అటూ ఇటూ తిప్పుతూ ఉండగా వెనక తలుపు తెరుచుకుంది.

"నెరిస్! పుదీనా కోస్తున్నావా, నాటుతున్నావా?"

బూట్ల చప్పుడు కోళ్ళ గూడు చుట్టూ తిరిగింది. చేతిలో గ్రేవీ గరిటెతో ఎమ్లిన్ వచ్చి నిలబడ్డాడు. బోర్డుని చూశాడు. ఇన్ని నెలలుగా నిద్రలో కూడా వెతికిన బోర్డు. మొహం వెలుగుతుందనుకున్నాను, వెలగబోయింది కూడా. వంగిన అంచు చూశాడు, దాని మీది రంగు చూశాడు. అక్కడి నుంచి వాళ్ళమ్మ మొహం, అక్కడి నుంచి కంత.

కంత అవతల పాస్టరుగారు టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డారు. డీకన్ ఆయన కోటు జేబులో మూతి పెట్టి, కళ్ళు అరమోడ్చి, పెంపుడు కుక్కలా ఒరిగి ఉన్నాడు.

ఎమ్లిన్ క్రిస్మస్ నాటి దెబ్బ తగిలిన తొడ మీద తెలియకుండానే చెయ్యి వేసుకున్నాడు. గరిటెలోంచి గ్రేవీ బొట్టు బొట్టుగా బూటు మీద పడుతోంది.

"పాస్టరుగారూ," అన్నాడు నెమ్మదిగా, పెట్టెలో మనిషి ఉన్నప్పుడు మాట్లాడే గొంతుతో, "మా డీకన్ మిమ్మల్ని పొడవట్లేదేం?"